ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు, ఓటీపీయే సంతకం అంటారు: జీవిత బీమాలో ఈ-సంతకం సంగతేమిటి?

క్లుప్తంగా: జీవిత బీమా ప్రపోజల్ (పాలసీ కోరుతూ ఇచ్చే దరఖాస్తు) మీద ఇప్పుడు పెన్ను పట్టకుండానే సంతకం పెట్టొచ్చు, అది చట్టంలో చెల్లుతుంది కూడా. అయితే ఈ-సంతకం అనే ఒకే పేరు మీద నాలుగు రకాల పనులు నడుస్తున్నాయి, వాటి బలం ఒకటి కాదు. సంతకం ఎవరు పెట్టారు, ఆ తర్వాత ఫారం మారిందా లేదా అన్నంతవరకే అది చెబుతుంది. ఫారంలో ఉన్నది సంతకం పెట్టినవాళ్లకు తెలుసా అన్నది చెప్పదు. పాలసీ ఒకరిది, ఫోను ఇంకొకరిది అయ్యే శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో చిక్కంతా ఇక్కడే ఉంది.

గందరగోళం ఎక్కడిది

బ్యాంకు గోడ మీద పోస్టరు ఉంటుంది: ఓటీపీ ఎవరికీ చెప్పకండి. పోలీసులు కాలేజీల్లో సభలు పెట్టి చెప్పేది అదే, ఫోను రింగయ్యే ముందు కొన్నాళ్లు వినిపించిన గొంతు చెప్పిందీ అదే. అదే రోజు సాయంత్రం తెలిసిన ఏజెంటు ఇంటికొచ్చి, ట్యాబు ఒళ్లో పెట్టుకుని, "అమ్మా, ఫోనుకి ఆరంకెల నంబరు వచ్చుంటుంది చూడండి, చెప్పండి" అంటాడు. చెబితే పాలసీ, చెప్పకపోతే మొహమాటం. టెక్కలిలోనో చీపురుపల్లిలోనో పాలసీ కట్టేవాళ్లకు ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డంగా కనిపించడంలో వాళ్ల తప్పేమీ లేదు. బీమా రంగం ఓటీపీని సంతకం స్థాయికి తెచ్చింది గానీ, సంతకానికి ఇచ్చే మర్యాద దానికి ఇవ్వాలని జనానికి సరిగ్గా చెప్పలేదు.

అసలు జవాబు చిన్నదే. ఓటీపీ చెప్పేది కాదు, కొట్టేది. పాలసీ తీసుకునే మనిషి తన ఫోనులో వచ్చిన లింకు తెరిచి, ఫారం చదువుకుని, తన చేత్తో కొడితే అది సంతకం. నోటితో చెబితే ఇంకొకరు కొడితే, అది తెల్ల కాగితం మీద సంతకం పెట్టి ఏజెంటు చేతికి ఇచ్చినట్టే.

కాగితం నుంచి ట్యాబు దాకా

ఎల్ఐసీ 1956 సెప్టెంబరు 1న పుట్టింది. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా జీవిత బీమా అంటే ఒకటే బొమ్మ: పేజీలకు పేజీల ప్రపోజల్ ఫారం, ఏజెంటు పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా సంతకాలు, ఫొటో, జిరాక్సులు, బ్రాంచి కౌంటరు. చదువు రానివాళ్లయితే నిశానీ, పక్కన ఫలానావారి వేలిముద్ర అని ఒకరి రాత, సాక్షి సంతకం.

చట్టం వైపు నుంచి చూస్తే దారి చాలా ముందే పడింది. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. మొదట్లో అది ఒప్పుకున్నది డిజిటల్ సిగ్నేచర్‌ను మాత్రమే. 2008 సవరణతో, అంటే 2009 అక్టోబరు 27 నుంచి, ఎలక్ట్రానిక్ సిగ్నేచర్ అనే పెద్ద గొడుగు వచ్చింది, ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిన ఒప్పందాన్ని ఆ ఒక్క కారణంతో చెల్లదనడానికి వీల్లేదని 10ఏ సెక్షన్ చేరింది. 2015 జనవరిలో ఆధార్ ఆధారంగా నడిచే ఈ-సైన్‌కు నిబంధనలు వచ్చాయి. 2016లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, కొంత మొత్తం దాటిన పాలసీలను ఎలక్ట్రానిక్ రూపంలో కూడా ఇవ్వాలంది.

ఇంత ఉన్నా 2020 వరకు ఎక్కువగా పెన్నే నడిచింది. బీమా అమ్మకం ఇంటికెళ్లి, కాఫీ తాగి, పెళ్లిళ్ల కబుర్లు మాట్లాడి చేసే పని కాబట్టి ఆ ఇంట్లో కాగితం మీద సంతకం పెట్టించడం ఎవరికీ బరువనిపించలేదు. కోవిడ్ వచ్చి ఆ ఇంటి తలుపు మూసేసింది. 2020 ఆగస్టులో ఐఆర్‌డీఏఐ తడి సంతకం (పెన్నుతో పెట్టేది) లేకుండా ప్రపోజల్ తీసుకోవడానికి ఒప్పుకుంది. మొదట టర్మ్ పాలసీల వంటి ఉత్త రిస్కు (పొదుపు కలవని) పాలసీలకు ప్రయోగంగా మొదలుపెట్టి, తర్వాత మిగతావాటికి చాచింది. నింపిన ఫారం పాలసీ తీసుకునేవాళ్ల మెయిలుకో మొబైలుకో పంపి, లింకు ద్వారానో ఓటీపీ ద్వారానో సమ్మతి తీసుకోవాలి, ఆ సమ్మతి వచ్చాకే డబ్బు తీసుకోవాలి అన్నది దాని సారం. అదే ఏడాది నవంబరు 19న ఎల్ఐసీ తన ఏజెంట్ల కోసం ఆనంద యాప్ తెచ్చింది, అందులో ఆధార్ ఆధారంగానే మనిషిని గుర్తిస్తారు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలతో పాలసీలన్నీ ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వడం తప్పనిసరైంది. కావాలని అడిగినవాళ్లకు కాగితం బాండు కూడా ఇస్తారు.

పేరు ఒకటే, పనులు నాలుగు

ట్యాబు అద్దం మీద వేలితో గీయించేది మొదటిది. చూడ్డానికి సంతకంలాగే ఉంటుంది, చట్టం దృష్టిలో మాత్రం అదొక బొమ్మ. ఫలానా మనిషి అక్కడ ఉన్నాడనడానికి ఇతర ఆధారాలతో కలిపితే పనికొస్తుంది గానీ, ఒంటరిగా దాని బలం తక్కువ. అదే బొమ్మను కత్తిరించి ఇంకో ఫారం మీద అతికించలేదని ఆ గీత ఎలా రుజువు చేస్తుంది?

రెండోది కంపెనీయే పంపే ఓటీపీ. ఇందులో ఆధార్ ఉండదు, బయటి సంస్థ ఉండదు. కంపెనీ దగ్గర నమోదైన మొబైలుకు ఓటీపీ వస్తుంది, కొడితే "సమ్మతించారు" అని కంపెనీ సర్వర్లో రాసుకుంటుంది. ఎక్కువమంది ఈ-సంతకం అని పిలిచేది దీన్నే. ఒప్పందంగా ఇది చెల్లుతుంది. కాకపోతే ఐటీ చట్టం రెండో షెడ్యూలులో చెప్పిన ఎలక్ట్రానిక్ సిగ్నేచర్ కాదు కాబట్టి, వివాదమొస్తే సమ్మతి నిజంగా ఇచ్చారని రుజువు చేసే భారం కంపెనీ మీద పడుతుంది. అందుకే చాలా కంపెనీలు పాలసీ ఇచ్చే ముందు ఒక ఫోను కాలో, చిన్న వీడియోనో తీసుకుంటాయి: "మీ పేరు చెప్పండి, ప్రీమియం ఎంత, ఎన్నేళ్లు కట్టాలి?" ఆ వీడియోలో పక్కనుంచి "పదేళ్లని చెప్పు" అనే గొంతు వినబడే సందర్భాలు లేవని ఎవరూ అనలేరు.

మూడోది ఆధార్ ఈ-సైన్, అసలు బలమంతా ఉన్నది దీనిలో. నాలుగోది కాంట్రాక్టర్లు టెండర్లకూ ఆడిటర్లు రిటర్నులకూ వాడే పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్. దాని చెల్లుబాటుకు తిరుగులేదు, కానీ పాలసీ తీసుకోవడానికని ఎవరూ దాన్ని కొనుక్కోరు కాబట్టి ఇక్కడ పక్కన పెట్టొచ్చు.

ఈ-సైన్ లోపల జరిగేది

నింపిన ఫారాన్ని కంప్యూటరు ఒక లెక్కలో వేసి 64 అక్షరాల గుర్తుగా మారుస్తుంది. దాన్ని హ్యాష్ అంటారు. ఫారంలో ఒక్క కామా మారినా ఆ 64 అక్షరాలూ గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. బయటికి వెళ్లేది ఫారం కాదు, ఈ గుర్తు మాత్రమే. అది కేంద్ర ప్రభుత్వంలోని కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ లైసెన్సు ఇచ్చిన సంస్థకు చేరుతుంది. సీడాక్, ఈముద్ర లాంటివి ఆ కోవలోవి. ఆ సంస్థ ఆధార్ ఓటీపీతోనో వేలిముద్రతోనో మనిషిని నిర్ధారించుకుంటుంది, ఆ మనిషి పేరు మీద అప్పటికప్పుడు ఒక తాళం జత పుట్టించి, 30 నిమిషాలు మాత్రమే బతికే సర్టిఫికెట్ ఇచ్చి, ఆ గుర్తు మీద సంతకం వేసి, సంతకం వేసిన తాళాన్ని నాశనం చేస్తుంది. ఇంకెవరూ ఇంకెప్పుడూ ఆ తాళంతో రెండో సంతకం వేయలేరు. సర్టిఫికెట్ గడువు అరగంటే అయినా, సంతకం వేసిన క్షణానికి అది బతికే ఉంది కాబట్టి సంతకం తర్వాత కూడా చెల్లుతుంది. ఇంటి రిజిస్ట్రేషన్ నాటి స్టాంపు వెండర్ ఇవాళ లేకపోయినా దస్తావేజు చెల్లినట్టు.

ఫోర్జరీ చేసేవాడికి ఇది పెద్ద దెబ్బ. కాగితం రోజుల్లో సంతకం అనుకరించడం, ఫారం మధ్య పేజీ మార్చేయడం, ఖాళీ ఫారం మీద సంతకం తీసుకుని తర్వాత నింపడం అన్నీ సాధ్యమే. ఈ-సైన్‌లో మొదటి రెండూ దాదాపు మూసుకుపోయాయి. మూడోది రూపం మార్చుకుంది.

రేషను డిపోలో వేలిముద్ర చెప్పేది ఎంత?

రేషను డిపోలో ఈ-పోస్ మిషను మీద వేలు పెడితే, ఫలానా కార్డు మనిషి వచ్చాడని సర్వరుకు తెలుస్తుంది. సంచిలో పడ్డ బియ్యం ఎన్ని కిలోలో ఆ వేలికి తెలియదు, కాటా చూసుకోవాల్సింది మనిషే. బీమా ఈ-సంతకం కూడా అచ్చం ఇంతే. వచ్చింది నువ్వే అని చెబుతుంది, రాసింది నిజమని చెప్పదు.

జీవిత బీమాలో ఈ తేడా చిన్నది కాదు. బీమా ఒప్పందం నిలబడేది ప్రపోజల్‌లో చెప్పిన ఆరోగ్యం, ఆదాయం, పాత పాలసీల వివరాల మీద. 2015లో సవరించిన బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు. మూడేళ్ల లోపు మాత్రం మోసమనో, ముఖ్యమైన విషయం దాచారనో కంపెనీ క్లెయిం ఆపగలదు. అప్పుడు బల్ల మీదకు వచ్చేది ఆ ఫారమే. "ఏజెంటు నింపాడు, మాకు తెలీదు" అంటే సరిపోతుందా? 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక జీవిత బీమా కేసులో దీన్ని తేల్చింది: ఫారం మీద సంతకం పెట్టిన మనిషి, చదవకుండా పెట్టాననో ఇంకొకరు నింపారనో చెప్పి తప్పించుకోలేడు. ఆ కేసు పెన్ను సంతకానిది. ఈ-సంతకం దగ్గర ఈ సూత్రం ఇంకా బిగుస్తుంది, ఎందుకంటే ఏ నిమిషంలో, ఏ ఫారం మీద సమ్మతి ఇచ్చారో రికార్డు పక్కాగా ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని తీసుకుంటే సంగతి సూటిగా అర్థమవుతుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో రాష్ట్రమంతా తెలుసు, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి కూడా తెరిచారు. వైద్య శిబిరాల్లో రక్తం తీసి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే కొలత) చూస్తారు, కొంచెం ఎక్కువుందని చెబుతారు, మనిషికి నొప్పి లేదు కాబట్టి మర్చిపోతాడు. ఏడాది తర్వాత పాలసీ. ట్యాబులో వరసగా ప్రశ్నలు: గుండె జబ్బు ఉందా, షుగరు ఉందా, మూత్రపిండాల సమస్య ఉందా. ఏజెంటు ఒక్కొక్కటీ అడగడు, అన్నిటికీ "లేదు" మీద నొక్కుకుంటూ పోతాడు. అతను చెడ్డవాడై కాదు, అలవాటు. కాగితం మీదైతే కనీసం ఆ పేజీ పక్కన సంతకం పెట్టేటప్పుడు కళ్లు ఒకసారి దాని మీద పడేవి. ట్యాబులో ఆ పేజీ పైకి జరిగిపోయి చివర ఒక్క ఓటీపీ అడుగుతుంది. శిబిరంలో తీసిన రక్తం రిపోర్టు ఆస్పత్రి రికార్డులో ఉంటుంది, ప్రపోజల్‌లో "లేదు" కంపెనీ సర్వర్లో ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టేది మనిషి పోయాక.

మరి నోటితో ఏజెంటుకు చెప్పాం కదా అంటే, చెప్పినట్టు రుజువు ఉండదు. అందుకే ఈ-సంతకం వచ్చాక ఏజెంటుతో మాట కంటే ఫారంలో రాత మీద శ్రద్ధ పెరగాలి. వాస్తవంలో జరుగుతున్నది దీనికి తలకిందులు.

ఫోను ఎవరి దగ్గరుంది?

ఈ-సైన్ ఓటీపీ వచ్చేది ఆధార్‌తో ముడిపడిన నంబరుకు. ఉత్తరాంధ్రలో ఆ నంబరు చాలాసార్లు ఊళ్లో ఉండదు. వలస కుటుంబాల్లో భర్త చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కట్టడం పనిలో, తీరప్రాంతం మత్స్యకారులు గుజరాత్ బోట్ల మీద, తల్లిదండ్రులు ఊళ్లో. ముసలాయన ఆధార్‌కు ఉన్నది కొడుకు నంబరు. పాలసీ ఎచ్చెర్లలో, ఓటీపీ వేరావల్‌లో. కొడుకు ఫోనులో చెప్పిన ఆరంకెలను ఏజెంటు ట్యాబులో కొడితే, చట్టం లెక్కలో తండ్రి సంతకం పెట్టినట్టే. ఆయనకు ఆ సంగతే తెలియకపోవచ్చు. ఇందులో ఎవరి మోసమూ ఉండకపోవచ్చు, కానీ రేపు తగాదా వస్తే ఏ సంతకం ఎవరిదో తేల్చడం కాగితం కాలం కంటే కష్టం. చేతిరాతను పోల్చి చూసే నిపుణుడు ఉంటాడు గానీ, ఓటీపీ కొట్టిన వేలు ఎవరిదో పోల్చే నిపుణుడు లేడు.

ఓటీపీ కాకపోతే వేలిముద్ర దారి ఉంది. అదీ అందరికీ నడవదు. పలాస జీడి పరిశ్రమల్లో గింజలు ఒలిచే ఆడవాళ్ల చేతులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని తినేస్తుంది, వేలిగీతలు అరిగిపోతాయి. రేషను డిపోలో మూడు నాలుగు సార్లు వేలు తుడిచి పెట్టే ఇబ్బందే ఇక్కడా వస్తుంది. సీతంపేట ఏజెన్సీ లాంటి కొండ ఊళ్లలో సిగ్నల్ కోసం గట్టు ఎక్కేసరికి ఓటీపీ గడువు అయిపోతుంది. నంబరు మార్చుకుందామని ఆధార్ కేంద్రానికి పోతే రుసుము కట్టాలి, ఒక రోజు కూలి పోతుంది.

భాష ఇంకో ముడి. ఓటీపీ మెసేజ్ చాలావరకు ఇంగ్లిషులో వస్తుంది. ఇచ్ఛాపురం వైపు ఇళ్లలో ఒడియా, కొండ మీద సవర, కింద తెలుగు. ఇంగ్లిషు ఫారమైతే అందులోని సంగతులు పాలసీ తీసుకునేవాళ్లకు తెలిసిన భాషలో వివరించామని ఒకరు వాంగ్మూలం ఇవ్వాలి. కాగితం మీద అది వేరే మనిషి సంతకం. ట్యాబులో అది ఒక టిక్కు గడిగా కుదించుకుపోయే ప్రమాదం ఉంది.

ఇక బ్యాంకు కౌంటరు. బంగారం మీద అప్పుకో పంట అప్పుకో వెళ్లిన మనిషికి నాలుగైదు ఓటీపీలు వరసగా వస్తాయి, అప్పు పని మీదే అనుకుని అన్నీ చెబుతాడు. అందులో ఒకటి బీమా ప్రపోజల్‌ది. ఇంటికొచ్చాక పాలసీ మెసేజ్ చూసి "ఇదేంటి" అంటాడు. అంటగట్టుడు అమ్మకం కొత్త జబ్బేమీ కాదు, కాకపోతే కాగితం రోజుల్లో సంతకాలు పెట్టించడానికి పావుగంట పట్టేది, అడగడానికి సందు దొరికేది. ఆ సందు ఇప్పుడు అరనిమిషానికి తగ్గింది. మందు ఒకటుంది: పాలసీ పత్రం చేతికందిన రోజు నుంచి 30 రోజుల్లోపు వద్దని రాసిస్తే, కవరేజి ఉన్న రోజులకు కొంత, వైద్య పరీక్ష, స్టాంపు ఖర్చు మినహాయించి మిగతా ప్రీమియం వెనక్కి ఇవ్వాలి. దీన్నే ఫ్రీ లుక్ అంటారు. ఎలక్ట్రానిక్ పాలసీకి చేతికందడం అంటే మెయిలుకు రావడం. ఆ మెయిల్ ఐడీ ఏజెంటు తనదే ఇచ్చి ఉంటే, 30 రోజుల గడియారం పాలసీదారుడికి తెలియకుండా తిరిగిపోతుంది. అందుకే ట్యాబులో ముందు చూడాల్సిన గడి ప్రీమియం కాదు, మొబైలు నంబరు, మెయిల్.

అయినా కంపెనీలు ఎందుకు పరిగెత్తుతున్నాయి

ఖర్చు తగ్గుతుందన్నది అందరూ చెప్పే కారణం. ఫారాలు కొట్టించడం, కొరియరు, స్కానింగు, గోడౌను, ఒక సంతకం తప్పిందని వెనక్కి పంపిన ఫారాలు, అన్నీ నిజమే. పాలసీదారుడి వైపు నుంచి చూస్తే అసలు లాభం కాలంలో ఉంది.

దీనికి మన ఆంధ్రా నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసే సాక్ష్యం. 1960 డిసెంబరు 27న ఒకాయన 50,000 రూపాయల పాలసీకి ఎల్ఐసీ ప్రపోజల్ నింపి, ప్రీమియం కింద 300, 220 రూపాయలకు రెండు చెక్కులిచ్చారు. రెండో చెక్కు జనవరి 11న నగదైంది, ఆయన మర్నాడు, 1961 జనవరి 12న, చనిపోయారు. అప్పటికి ప్రపోజల్‌ను ఒప్పుకున్నట్టు ఎల్ఐసీ చెప్పలేదు. కోమలవల్లి కాంబ కేసుగా లాయర్లు చెప్పుకునే ఆ తీర్పులో 1984లో సుప్రీంకోర్టు అన్నది ఇది: ప్రీమియం తీసుకుని ఉంచుకున్నంత మాత్రాన ఒప్పందం కుదిరినట్టు కాదు, అంగీకారం చెప్పాలి. అంటే ఫారం పెట్టడానికీ అంగీకారం రావడానికీ మధ్య రోజులు ఎవరి బీమాలోనూ లేని రోజులు. ప్రపోజల్ బ్రాంచి బల్ల మీద ఎన్ని రోజులుంటే అన్ని రోజులు కుటుంబం గాల్లో ఉన్నట్టే. వైద్య పరీక్ష అక్కర్లేని పాలసీల్లో ఈ-సంతకం ఆ రోజులను గంటలకు తేగలదు. ఇంత పెద్ద లాభాన్ని ఏ ప్రకటనలోనూ చెప్పరు, "పేపర్‌లెస్" అని మాత్రం చెబుతారు.

రెండో లాభం తుఫాన్లు ఎరిగిన జిల్లాకు బాగా తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోవడం అందరికీ గుర్తే. అలాంటి రాత్రి ట్రంకు పెట్టెలో కాగితాలు తడిస్తే, బాండు పోయిందని ఇండెమ్నిటీ బాండు (నష్టమొస్తే భరిస్తామన్న హామీ పత్రం) రాయించి, స్టాంపు కాగితం కొని తిరగాలి. షేర్లు దాచే డీమ్యాట్ ఖాతాలాగే ఉండే ఈ-ఇన్సూరెన్స్ ఖాతాలో పాలసీ ఉంటే తడవదు, పోదు. కాకపోతే అది ఉందని ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. ట్రంకు పెట్టె ఎవరైనా తెరుస్తారు, పాస్‌వర్డు తెలియని ఖాతాను నామినీ ఎలా తెరుస్తుంది?

ఏజెంట్ల పని కూడా మారుతోంది. బొబ్బిలి, రాజాం లాంటి చోట బ్రాంచి చుట్టూ ఫారాలు నింపిపెట్టి, జిరాక్సులు తీసి బతికే చిన్న దుకాణాలకు పని తగ్గుతుంది. వయసు మళ్లిన ఏజెంట్లు ట్యాబు పని కొడుకులకో కోడళ్లకో అప్పగిస్తున్నారు. లైసెన్సు ఒకరిది, నొక్కే వేలు ఇంకొకరిది. ఫోను విషయంలో పాలసీదారుడి ఇంట్లో ఉన్న చిక్కే ఏజెంటు ఇంట్లోనూ ఉందన్నమాట.

అమెరికా ఒక గీత గీసింది

అమెరికా 2000 జూన్ 30న ఈ-సైన్ చట్టం చేసినప్పుడు, ఇది బీమా వ్యాపారానికీ వర్తిస్తుందని చట్టంలోనే విడిగా రాసింది. అదే చట్టం ఇంకో చోట, జీవిత బీమా ప్రయోజనాలు రద్దవుతున్నాయని చెప్పే నోటీసును మాత్రం ఈ సౌకర్యం నుంచి తప్పించింది. పాలసీలోకి రావడానికి ఎలక్ట్రానిక్ దారి చాలు, రక్షణ పోతోందన్న కబురుకు మాత్రం అది చాలదని దాని లెక్క. యూరప్ 2016 జూలై నుంచి సంతకాలను మూడు మెట్లుగా చూస్తోంది. పై మెట్టు సంతకానికే చేతి సంతకంతో సమాన హోదా. కింది మెట్లవి చెల్లవని కాదు, వాటిని రుజువు చేసుకోవాలి. మన దగ్గర ఓటీపీ సమ్మతికీ ఆధార్ ఈ-సైన్‌కూ ఉన్న తేడా అలాంటిదే, కాకపోతే పాలసీదారుడు ఏ మెట్టు మీద నిలబడ్డాడో ఇక్కడ ఎవరూ చెప్పరు.

నామినీకి చెల్లుతుంది, వీలునామాకు చెల్లదు

దీని మీద వచ్చే ప్రశ్నలు చాలా. ప్రపోజల్‌లోనే నామినీ పేరు ఉంటుంది కాబట్టి ఈ-సంతకంతోనే నామినేషన్ అయిపోతుంది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే బీమా చట్టం 39వ సెక్షన్ ప్రకారం డబ్బు మీద హక్కు కూడా వాళ్లకే వస్తుంది. వీలునామా మాత్రం ఐటీ చట్టం మొదటి షెడ్యూలులో మినహాయించిన పత్రం, దానికి ఈ-సంతకం పనికిరాదు. ఆస్తులన్నీ కలిపి ఫోనులోనే రాసేద్దాం అనుకునేవాళ్లు కాగితం, పెన్ను, ఇద్దరు సాక్షులు వెతుక్కోవాల్సిందే.

తగాదా వస్తే ఏది చూపించాలి

2024 జూలై 1 నుంచి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే దాని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ కూడా రాయాలి. కంపెనీకి ఇది రోజువారీ పని. పాలసీదారుడి కుటుంబానికి కాదు, అసలు ఫైలే వాళ్ల దగ్గర ఉండదు. చాలామంది దాచుకునేది ప్రింటు. ఈ-సంతకం ఉండేది ఫైలులో, కాగితం మీద కాదు. ప్రింటు తీసిన మరుక్షణం అది సంతకం ఫొటో అయిపోతుంది.

ఫైలు తెరిచినవాళ్లకు ఇంకో టెన్షన్. సంతకం చోట పచ్చ టిక్కు బదులు పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తుంది, నిర్ధారణ కాలేదని ఇంగ్లిషులో ఉంటుంది. దొంగ పాలసీ అని కంగారు పడాల్సింది లేదు. ఫైలు చూపించే సాఫ్ట్‌వేరుకు భారత ప్రభుత్వ మూల సర్టిఫికెట్ ముందుగా పరిచయం లేకపోతే అలా చూపిస్తుంది, ఆధార్ డౌన్‌లోడ్ చేసుకున్నప్పుడు కనిపించేదీ అదే గుర్తు. సెట్టింగులో ఒకసారి నమ్మకస్తుల జాబితాలో చేరిస్తే టిక్కు వస్తుంది. సంతకం తర్వాత ఫైలు మారిందని చెప్పే ఎర్ర గుర్తు వేరు, అది వస్తే మాత్రం కంపెనీని అడగాలి.

పాలసీతో పాటు ప్రపోజల్ కాపీ ఇవ్వడం కంపెనీ బాధ్యత. ఇందులోని ఆరోగ్య ప్రశ్నల పేజీ ఎవరూ తెరవరు, తెరవాల్సింది అదొక్కటే. తప్పు టిక్కు కనిపిస్తే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పొచ్చు. ప్రీమియం పెరుగుతుందేమో, ఒక్కోసారి పాలసీయే ఇవ్వమనొచ్చు, కానీ అది మనిషి బతికుండగా తేలుతుంది. కంపెనీ పట్టించుకోకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్. అక్కడ 50 లక్షల రూపాయల దాకా ఉన్న తగాదాలు వింటారు, లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. అక్కడ అడిగే మొదటి కాగితాల్లో ప్రపోజల్ ఫారం ఒకటి. ఫైలు ఉన్న మెయిల్ ఐడీ పాలసీదారుడిదే అయితే అది ఫోనులోనే దొరుకుతుంది. ఏజెంటుదైతే, అతను ఎల్ఐసీ కాలనీలో ఉంటున్నాడో, వైజాగ్ వెళ్లిపోయాడో కనుక్కోవాలి ముందు.